కాన్పు ఖర్చుకు లక్ష అప్పు తీసుకునే ముందు

తమ్ముడూ, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హనుమకొండలో సెల్‌ఫోన్ల షాపులో మీకు 19 వేల జీతం. మరదలు వరంగల్‌లో బట్టల షోరూంలో 14,500కి చేస్తోంది, ఇప్పుడు ఐదో నెల. చూపించుకుంటున్న నర్సింగ్ హోంలో నార్మల్ అయితే 40 వేలు, ఆపరేషన్ అయితే 85 వేలు అన్నారు. రెండు రూపాయల మిత్తికి లక్ష తీసుకోవాలా, నడుస్తున్న రెండు లక్షల చిట్టీ పాడుకోవాలా, లేక సర్కారు దవాఖానకే పోవాలా, గవర్నమెంటు నుంచి ఏమైనా వస్తుందా అని అడిగారు. అత్తగారి ఊరు నర్సంపేట దగ్గరని, మామగారు తాపీ మేస్త్రీ అని కూడా రాశారు. ఆ చివరి ముక్క ఊరికే రాసినట్టున్నారు గానీ దానికీ పైసలకూ సంబంధం ఉంది, ముందుకు పోయాక చెప్తాను.

నేను ఒక ప్రైవేటు దవాఖానలో బిల్లింగ్ కౌంటర్ మీద చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. డాక్టర్ని కాదు, కాబట్టి వైద్యం సంగతి మీ డాక్టరమ్మనే అడగండి. డబ్బు సంగతి మాత్రం నాకు తెలుసు. కాన్పు ఖర్చు దవాఖాన రేటును బట్టి పెరిగే దానికన్నా, మనం ఆలస్యంగా నిర్ణయం తీసుకోవడం వల్ల పెరిగేదే ఎక్కువ. నొప్పులు మొదలయ్యాక రాత్రి పదకొండింటికి ఆటో దిగినవాళ్లు రేటు అడగరు, అడిగే పరిస్థితీ ఉండదు. వచ్చే సాయం కూడా అంతే. ప్రతిదానికీ ఒక తేదీ, ఒక కాగితం ఉంటాయి. కాన్పయ్యాక పోతే ‘ముందే రావాల్సింది’ అంటారు. మీకు ఇంకా నాలుగు నెలల టైం ఉంది, చాలామందికి ఆ మాత్రం కూడా ఉండదు.

అందరూ సర్కారు దవాఖానలో కాన్పయితే ఇచ్చే కేసీఆర్ కిట్ గురించి అడుగుతారు, మీరూ అడిగారు. నేను మాత్రం ముందు మరదలి పే స్లిప్ తీయమంటాను. కాగితం ఇవ్వకపోతే ఫోన్‌కు వచ్చిన మెసేజ్ అయినా సరే, జీతంలో ఏమేం కట్ అయ్యాయో చూడండి. 14,500 జీతానికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా కింద ముప్పావలా శాతం, అంటే 109 రూపాయలు పోతుంది. ఆ 109 అంకె కనిపిస్తే మీ టెన్షన్ సగం దిగిపోయినట్టే.

ఎందుకో వినండి. నెలకు 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్ఐ కడుతున్న ఆడవాళ్లకు మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, అంటే 182 రోజులు, పూర్తి జీతం ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. మరదలి జీతం మీద లెక్కేస్తే అది 80 వేలు దాటుతుంది. మీరు అప్పు తేవాలనుకుంటున్న లక్షకు దగ్గర దగ్గరగా వచ్చింది, చూడండి. దీనికి షరతు ఒకటి ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక కాలం, అక్టోబర్ నుంచి మార్చి వరకు ఇంకో కాలం అని వాళ్లు లెక్క పెట్టుకుంటారు. కాన్పుకు ముందు వాళ్ల లెక్కలోకి వచ్చే రెండు కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏడాదికి పైగా పనిచేస్తున్న మనిషికి అది సమస్య కాదు. ఈ డబ్బు తీసుకునే రోజుల్లో వేరే చోట జీతానికి పనిచేయకూడదు, అంతే. కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు, మిగతాది తర్వాత. వైద్యం కూడా ఈఎస్ఐ డిస్పెన్సరీ ద్వారా ఉచితం. దగ్గర్లో ఈఎస్ఐ సదుపాయం లేక బయట కాన్పయితే, కాన్పు ఖర్చు కింద విడిగా 7,500 ఇచ్చే ఏర్పాటు ఉంది.

109 కనిపించకపోతే? షోరూంలో పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేస్తుంటే ఈఎస్ఐ కట్టడం యజమాని బాధ్యత. మీరు చెప్పిన సైజు షోరూంలో సేల్స్ కౌంటర్ల మీదే పదిమంది ఉంటారు. ఏ కారణం వల్ల అయినా ఈఎస్ఐ లేకపోతే, అదే 26 వారాల జీతం యజమానే ఇవ్వాలి. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి పన్నెండు వారాలను ఇరవై ఆరు చేశారు. కొత్త కార్మిక కోడ్‌లో కూడా ఆ హక్కు అలాగే ఉంది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. సెలవులో కాన్పుకు ముందు కాలానికి రావాల్సింది ముందుగానే ఇవ్వాలి, మిగతాది కాన్పయినట్టు కాగితం చూపించిన 48 గంటల్లో ఇవ్వాలి. దవాఖాన సదుపాయం కల్పించకపోతే మెడికల్ బోనస్ 3,500 అదనం.

చట్టంలో ఇదంతా ఉన్నా షాపుల్లో జరిగేది వేరు. ఆరో నెల వచ్చి పొట్ట కనిపించడం మొదలయ్యాక సూపర్‌వైజర్ చాలా ప్రేమగా, ‘నిలబడే పని కదమ్మా, ఎందుకు కష్టం, ఇంక మానెయ్. బిడ్డ పెద్దయ్యాక మళ్లీ రా, నీ సీటు నీకే’ అంటాడు. మన ఆడపిల్లలు మొహమాటానికి తల ఊపి, వాళ్లు రాసి పెట్టిన కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. ఆ సంతకం ఖరీదు 80 వేలు. మరదలికి ఈ మాట గట్టిగా చెప్పండి. ఎవరేమన్నా రాజీనామా రాయొద్దు. తాను గర్భిణినని, ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు కావాలని ఒక కాగితం రాసి, డాక్టర్ ఇచ్చిన తేదీ చీటీ జతచేసి ఇవ్వాలి. జిరాక్స్ మీద ‘అందింది’ అని సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టమంటే పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. గొడవ పడాల్సిన పని లేదు. కాగితం ఉందని తెలిస్తే చాలామంది యజమానులు దారికొస్తారు. రాకపోతే లేబర్ ఆఫీసు ఉండనే ఉంది.

ఇప్పుడు మామగారి సంగతి. తాపీ పని, సెంట్రింగు, రాడ్ బెండింగు, పెయింటింగు చేసేవాళ్లకు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటుంది, మనం లేబర్ కార్డు అంటాం. అందులో కాన్పుకు 30 వేల సాయం ఉంది, రెండు కాన్పుల వరకు. మామగారికి కార్డు ఉందా, ఉంటే రెన్యువల్ అయి ఉందా అడగండి. నేను చూసినంతలో ఈ కార్డులు బీరువాలో పట్టుచీరల కింద ఉంటాయి, గడువు దాటి ఏళ్లవుతుంది. ఆ కార్డు, మరదలి ఆధార్ పట్టుకుని నర్సంపేట వైపు చూసే సహాయ కార్మిక అధికారి ఆఫీసుకు పోయి, ఈ కార్డు మీద మా ఇంట్లో ఈ కాన్పుకు సాయం వస్తుందా అని నేరుగా అడగండి. ఒకటి మాత్రం ఖాయం. కాన్పు నాటికి సభ్యత్వం బతికి ఉండాలి. కాన్పయ్యాక కార్డు తీసి పాత కాన్పుకు అడిగితే ఇవ్వరు. మీసేవలో కొత్తగా కట్టినా, రెన్యువల్ చేయించినా పోయేది వంద, రెండు వందలు. పోయిన ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినట్టు కాగితం కావాలి. మధ్యలో ‘నేను చేయిస్తాను, సగం నాకు’ అనేవాడు తప్పకుండా తగులుతాడు. ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇక సర్కారు ఇచ్చేవి. కేసీఆర్ కిట్ 2017 జూన్‌లో మొదలైనప్పుడు సర్కారు దవాఖానలో కాన్పయితే మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు, విడతలవారీగా అన్నారు. దాంతోపాటు సబ్బులు, దోమతెర, చీర, బిడ్డ బట్టలు ఉన్న కిట్టు. కిట్టు సంగతి అటుంచి, నగదు మాత్రం చాలామందికి ఆగిపోయింది, ఆలస్యమైంది. కాబట్టి పేరు నమోదు చేయించుకోండి, కాగితాలన్నీ ఇవ్వండి, కానీ ఆ 12 వేలను మీ బడ్జెట్‌లో వేసుకోకండి. వస్తే తొట్టెల ఫంక్షన్‌కు ఖర్చు పెట్టుకోండి. కేంద్రం వాళ్ల మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఉంది. కిట్ పథకం ఉందని మన రాష్ట్రంలో చాలా ఏళ్లు దాన్ని అమలు చేయలేదు. మీ వాడ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి, దరఖాస్తులు తీసుకుంటుంటే వెంటనే ఇచ్చేయండి.

ఈ డబ్బులన్నీ ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. మరదలి ఆధార్‌లో తల్లిగారింటి పేరు, తల్లిగారి ఊరు ఉంటుంది. బ్యాంకు ఖాతా పెళ్లికి ముందు కాలేజీలో ఉన్నప్పుడు తీసింది, దాన్ని వాడక మూలపడి ఉంటుంది. ఆధార్ ఎప్పుడో ఇంకో ఖాతాకు లింకయి ఉంటుంది. ఆధార్‌కు ఏ ఖాతా అనుసంధానమైతే డబ్బు అందులోనే పడుతుంది, మీరు ఏ పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చినా సరే. పడిందో లేదో తెలియక ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. ఈ వారంలోనే బ్యాంకుకు పోయి ఏ ఖాతాకు లింకుందో చూపించుకుని, పనిచేసే ఖాతాకు మార్పించండి. ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు, దవాఖాన కార్డులో పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే బిడ్డ పుట్టాక తీరిగ్గా మార్చుకోవచ్చు, ఈ నాలుగు నెలల్లో మాత్రం దాని జోలికి పోకండి.

రేషన్ కార్డు కూడా అలాగే. 2025లో కొత్త కార్డులు ఇచ్చినప్పుడు మీకు వచ్చిందో లేదో రాయలేదు. మరదలి పేరు ఇంకా మామగారి కార్డులోనే ఉంటే, అక్కడ తీయించి మీ కార్డులో చేర్పించండి. ఇది బియ్యం కోసం కాదు, ఆరోగ్యశ్రీ కోసం. మామూలు కాన్పుకు ఆరోగ్యశ్రీ రాదు. కానీ బిడ్డ నెలలు నిండక పుట్టి ఐసీయూలో పెట్టాల్సి వస్తే, అలాంటి చికిత్సలు కొన్ని అందులో ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు చేశారు. అలాంటి రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం అప్పటికప్పుడు కార్డు పుట్టదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ప్రైవేటా సర్కారా. మీరు పంపిన చీటీ ఫొటో చూశాను. మందుల చీటీ వెనక ‘నార్మల్ 40, ఎల్ఎస్‌సీఎస్ 85’ అని (ఎల్ఎస్‌సీఎస్ అంటే సిజేరియన్ ఆపరేషన్), కింద చిన్నగా ‘మందులు ఎక్స్‌ట్రా’ అని ఉంది. ఆ రెండు మాటల్లోనే కథంతా ఉంది. 85లో ఏమేం ఉన్నాయో అడగండి. ఆపరేషన్ థియేటర్ చార్జీ, మత్తు డాక్టర్ ఫీజు, బిడ్డను చూసే పిల్లల డాక్టర్ ఫీజు, గది అద్దె ఎన్ని రోజులకు, పరీక్షలు, రక్తం ఎక్కిస్తే దానికి ఎంత. మత్తు డాక్టర్‌నూ పిల్లల డాక్టర్‌నూ బయటి నుంచి పిలిపించే చోట వాళ్ల ఫీజు విడిగా వేస్తారు. మందులు అంటే ఆపరేషన్ సామాన్లు, దారాలు, గ్లోవ్స్, సెలైన్లు అన్నీ కలిపి. ఒక పెద్ద లిస్టు చేతికిచ్చి లోపలి మెడికల్ షాపు నుంచి తెమ్మంటారు. తెచ్చినవన్నీ వాడరు. మిగిలినవి వాపసు ఇచ్చి రిటర్న్ బిల్లు తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. తెలిసినా డిస్చార్జి హడావుడిలో అడగరు. డిస్చార్జికి ముందు రోజు రాత్రే సిస్టర్‌ను అడిగి మిగిలిన సామాన్లు లెక్క చూసుకోండి. డిస్చార్జి రోజు ఎన్ని గంటల్లోపు ఖాళీ చేస్తే ఆ రోజు అద్దె పడదో కూడా ముందే అడగండి. మధ్యాహ్నం దాటితే ఇంకో రోజు వేసేవాళ్లు చాలామంది. ఇవన్నీ కలిపితే 85 అన్నది లక్ష దాటడం వింత కాదు. మోసం అననుగానీ, మీరు అడగనిది వాళ్లు చెప్పరు.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగాల్సిన మాట ఒకటుంది. ‘బిడ్డకు ఇబ్బంది అయితే మీ దగ్గర ఎన్ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ, ఉందా?’ లేదంటే ఆ రాత్రి బిడ్డ ఒక దవాఖానలో, తల్లి ఇంకో దవాఖానలో, మీరు రెండింటి మధ్య. ఉందంటే రోజుకు ఎంత అని అడగండి. ప్రైవేటు ఎన్ఐసీయూలో పది రోజులుంటే కాన్పు బిల్లు చిన్నదై కనిపిస్తుంది. కాన్పు ఖర్చుతో అప్పులపాలైన కుటుంబాలంటే నాకు గుర్తొచ్చేవన్నీ ఇలాంటివే, సిజేరియన్ బిల్లు వల్ల కాదు. వరంగల్ సర్కారు పెద్దదవాఖాన ఎంజీఎంలో నవజాత శిశువుల యూనిట్ ఉంది, అక్కడ పైసా తీసుకోరు. సమయం వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఇప్పుడే తెలిసి ఉండాలి.

సర్కారు వైపు చూస్తే మీకు రెండు చోట్లున్నాయి. హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి దవాఖాన, వరంగల్ వైపు సీకేఎం. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం నార్మల్ అయినా సిజేరియన్ అయినా కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, తిండి అన్నీ ఉచితం. 102 బండి ఇంటి నుంచి తీసుకెళ్తుంది, కాన్పయ్యాక ఇంటి దగ్గర దింపుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ అయితే 108. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానింగుకు బయట రెండు వేల పైనే అవుతుంది, సర్కారు దవాఖానల్లో ఉచితం. 2022 నవంబర్‌లో రాష్ట్రంలో 44 దవాఖానల్లో 56 మిషన్లు పెట్టారు. ఆ స్కాను 18 నుంచి 22 వారాల మధ్య చేయాలి, మరదలికి సరిగ్గా ఇదే టైం, కాబట్టి లేటు చేయకండి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు ఉంటాయి. మరదలిది నెగెటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ కావాలి, బయట అది వేలల్లో ఉంటుంది, అదీ అక్కడ అడగండి.

ఇబ్బందులు లేవని నేను చెప్పను. జనం ఎక్కువ. మంచం దొరకడానికి ఆగాలి, బాత్‌రూంల గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది, వెంట ఒక ధైర్యమున్న ఆడమనిషి లేకపోతే నడవదు. కొన్నిచోట్ల బిడ్డను చూపించి ‘ఖుషీ’ అడుగుతారు. ఆడపిల్లకు ఇంత, మగపిల్లాడికి ఇంత అని రేటు కూడా ఉంటుంది, సిగ్గుచేటు. ప్రైవేటులోనూ అడుగుతారు, కాకపోతే నవ్వుతూ అడుగుతారు. కానీ డాక్టర్ల అనుభవం సంగతికొస్తే, రోజూ పదుల కాన్పులు చేసే చేతులవి. కష్టమైన కేసులను ప్రైవేటు వాళ్లు చివరికి పంపేది కూడా అక్కడికే.

ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5 శాతం. అంటే మీ చీటీలో ‘నార్మల్ 40’ అన్నది కాగితం మీద అంకె మాత్రమే. ప్రైవేటుకే పోవాలనుకుంటే 85కి, దాని మీద ఇంకో పాతికకు సిద్ధపడే పోండి. దీనికి డాక్టర్లనే అనడం కూడా న్యాయం కాదు. పంతులు దగ్గర ముహూర్తం రాయించుకుని వచ్చి ‘తొమ్మిదీ పదకొండుకు తీయండి డాక్టర్’ అని అడిగేవాళ్లకు నేనే బిల్లులు రాశాను. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. నక్షత్రం కోసం చేయించేది మాత్రం తల్లికి కోత, మీకు ఖర్చు, రెండో కాన్పుకు కూడా అదే బాట.

మీరే నా తమ్ముడైతే నేను చెప్పేది ఇది. ప్రైవేటు డాక్టరమ్మ దగ్గర చూపించుకోవడం మానొద్దు, మరదలికి అక్కడ నమ్మకం కుదిరింది కదా. కానీ ఈ వారంలోనే మీ వాడ ఏఎన్ఎం దగ్గర పేరు రాయించి తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. మామూలుగా మూడో నెల లోపే రాయించాలి, లేటైంది, అయినా రాస్తారు. సర్కారు ప్రసూతి దవాఖానకు కూడా ఒకటి రెండుసార్లు తీసుకెళ్లి అక్కడి రికార్డులో పరీక్షలు ఎక్కించండి. ఎనిమిదో నెలలో డాక్టర్‌ను సూటిగా అడగండి, బీపీ, షుగర్, బిడ్డ తిరిగి ఉన్న తీరు, ఉమ్మనీరు అన్నీ మామూలుగా ఉన్నాయా అని. ఉంటే సర్కారుకే పోండి. ఏదైనా తేడా ఉందంటే, ఆ కారణం కాగితం మీద రాయించుకుని ఈఎస్ఐ ద్వారా రిఫర్ చేయించుకునే దారి చూడండి. అది కుదరకపోతేనే సొంత డబ్బుతో ప్రైవేటు.

మొదటి కాన్పు తల్లిగారింట్లో అనేది మన దగ్గర పట్టింపు. నర్సంపేట నుంచి వరంగల్ దాదాపు నలభై కిలోమీటర్లు, ఊరి నుంచి ఇంకా ఎక్కువ. ఏడో నెలలో తీసుకుపోతామని వాళ్లంటే సంతోషంగా పంపండి, కానీ తొమ్మిదో నెలలో మరదలినీ అత్తమ్మనూ మీ ఇంటికి తీసుకురండి. పురుడు ఇక్కడైనా పోసేది ఆమే కదా. ఊళ్లో ఉన్న రోజుల్లో అంగన్‌వాడీకి పంపించండి, మొహమాటపడొద్దు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. దీన్ని చాలామంది పేదోళ్ల తిండి అని తీసిపారేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. అది మరీ పడిపోతే ఐరన్ ఇంజెక్షన్లు, రక్తం బాటిళ్లు, అదనపు రోజులు, అన్నీ బిల్లులోకి వస్తాయి. ఆ గుడ్డు, ఉచితంగా ఇచ్చే ఐరన్ గోళీలు చాలా ఖర్చును ముందే ఆపుతాయి. గోళీలు వేడి చేస్తాయని పక్కన పడేయకుండా చూడటం మీ పని.

అప్పు గురించి. రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24 వేలు. మీ ఇద్దరి జీతంలో ఒకరిది ఆరు నెలలు అటూ ఇటూ అయ్యే సమయంలో నెలనెలా రెండు వేలు మిత్తికే పోతే అసలు ఎప్పటికీ తీరదు. చిట్టీ మొదట్లోనే ఉందంటున్నారు, ఇప్పుడు పాడితే పాట చాలా పోతుంది, రెండు లక్షల చిట్టీకి లక్షన్నర చేతికొస్తే గొప్ప. దాన్ని కదపకండి. తప్పదనుకుంటే మరదలి బంగారంలో ఒక వస్తువు జాతీయ బ్యాంకులో పెట్టండి, మిత్తి రూపాయి లోపే ఉంటుంది. ప్రైవేటు గోల్డ్ లోన్ వాళ్లు ఐదు నిమిషాల్లో ఇస్తారు, మిత్తి కూడా అంతే వేగంగా ఎక్కుతుంది. అత్తమ్మ మహిళా సంఘంలో ఉంటే సంఘం నుంచో, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచో చిన్న అప్పు దొరుకుతుంది, అది ఇంకా మేలు. ఎటు పోయినా చేతిలో 30 వేల నగదు కాన్పు నాటికి ఉండాలి, సర్కారు దవాఖానలోనైనా సరే. వెంట ఉన్నవాళ్ల తిండి, ఆటోలు, బయట తెమ్మన్న ఒకటో రెండో మందులు, బాలింత సామాన్లు ఉంటాయి. ఇప్పటి నుంచి నెలకు ఏడెనిమిది వేలు పక్కన పెడితే అది అప్పు లేకుండానే అవుతుంది.

ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా అని కూడా అడిగారు. ఈ కాన్పుకు పనికిరాదు. ప్రసూతి కవరుకు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు ఆగాలి. తర్వాత ఆలోచించండి.

బిడ్డ పుట్టాక ఖర్చు గురించి మీరు అడగలేదు, కానీ అసలు మునిగేది అక్కడే. కాన్పుకు అప్పు చేసినవాళ్లకన్నా తొట్టెల ఫంక్షన్‌కు అప్పు చేసినవాళ్లనే ఎక్కువ చూశాను. ఇరవై ఒకటో రోజున హాలు, డెకరేషన్, రెండు వందల మందికి మటన్, ఫొటోగ్రాఫర్. బాలింత అప్పటికి సరిగ్గా కూర్చోలేదు కూడా. ఇంట్లో పేరు పెట్టుకుని, ఫంక్షన్ ఏడాది నిండాక చేసుకుంటామని చెప్పండి, చుట్టాలు రెండు రోజులు అనుకుని మర్చిపోతారు. టీకాలు ప్రతి బుధ, శనివారాల్లో ఏఎన్ఎంలు ఉచితంగా వేస్తారు. పుట్టగానే బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు. ప్రైవేటులో జ్వరం రాని టీకా అని ఒక్కోదానికి వేలు తీసుకుంటారు. ఒక రోజు జ్వరానికి అంత ఖర్చు మీ జీతాలకు అనవసరం అని నా అభిప్రాయం. పుట్టిన తేదీ 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు. దవాఖాన వాళ్లే పంపుతారు, కానీ తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా అని డిస్చార్జికి ముందు ఆ ఫారం చూసి రండి. బిడ్డ పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు, కాబట్టి పేరు తేలలేదని నమోదు ఆపకండి.

పే స్లిప్ మీద ఆ 109 ఉందో లేదో, మామగారి కార్డు మీద గడువు తేదీ ఏముందో చూసి రాయండి. 109 ఉంటే ఈఎస్ఐ క్లెయిమ్‌కు ఏమేం జతచేయాలో చెప్తాను. లేకపోతే షోరూం వాళ్లకు ఇవ్వాల్సిన కాగితం ఎలా రాయాలో చూద్దాం.